నాలుగు వేళ్ళు తక్కువైన గిరి

ఆటలు చూడడానికి వచ్చినవాళ్ళు ఆడేవాళ్ళను చూస్తారు, గెలిచినవాళ్ళను చూస్తారు, మైకు పట్టుకుని ఊదరగొట్టేవాడిని కూడా చూస్తారు. నేల మీది తెల్లగీతను మాత్రం ఎవరూ చూడరు. వానకు గడ్డి మొలిచినట్టు అది తనంతట తానే వచ్చిందనుకుంటారు. దాని వెనక ఎవరో నడుం వంచి ఉంటారని, వాళ్ళ అరచేతులు సున్నానికి పగిలి ఉంటాయని ఎవరికీ తట్టదు. ఎందుకు తట్టాలి అని మీరు అడగొచ్చు. నాకు మాత్రం కోపమే.

నేను డ్రిల్లు సారును. ఎనభైల చివర్లో కేతేపల్లి దగ్గరి ఒక ఊరి హైస్కూలుకు నన్ను వేశారు. లెక్కల సారు కనిపిస్తే పిల్లలు గోడ చాటుకు పోయేవాళ్ళు, నేను ఈల వేస్తే ఎక్కడున్నా ఉరికొచ్చేవాళ్ళు. నాకు అది చాలు. మాది మోత్కూర్ దిక్కు, మగ్గం ఇల్లు. బాపు గుంటమగ్గంలోకి కాళ్ళు దించుకుని పొద్దంతా కూర్చునేవాడు. నన్ను అరగంట కూర్చోబెడితే కాళ్ళకు చీమలు పాకేవి. "నీకు కూసునే రాత లేదురా, ఉరికే రాత ఉన్నది" అని బాపే విసిగి వదిలేశాడు. అట్లా ఉరికి ఉరికి డ్రిల్లు సారునయ్యాను. కోపం ఒకటి ముక్కు మీద ఉండేది. అది మగ్గం ఇచ్చింది కాదు, ఉద్యోగం ఇచ్చింది కాదు, నా సొంతం.

బడి గ్రౌండును గ్రౌండు అనడం మర్యాద కోసమే. ఎర్ర మొరం గడ్డ, చుట్టూ తంగేడు పొదలు, నడుమ నేలలోంచి వీపు చూపించే పరుపుబండ ఒకటి. ఆ బండను తప్పించి కబడ్డీ కోర్టు ఎటు తిప్పాలో తెలియక మొదటి ఏడాది నేను తల పట్టుకున్నాను. దారి చూపింది మా బడి అటెండరు. ముసలాయన, ఊరందరికీ చాచా. బడిలో చేరకముందు చుట్టుపక్కల ఊళ్ళలో ఇళ్ళకు సున్నం వేసేవాడు. పండుగ ఎవరిదైనా గోడ మాత్రం చాచాదే అనేవాళ్ళు. ఆయన ఆ గడ్డ మీద నాలుగు మూలలా నడిచి, బండ మీద కూర్చుని ఒక బీడీ తాగి, "కోర్టును గిట్ల పండబెట్టుండ్రి సారూ, బండ మీద మనం కూసుందాం" అన్నాడు. అట్లా బండ అతిథుల వేదికయింది.

సున్నం సంగతి ఆయన దగ్గరే నేర్చుకున్నాను. సున్నపురాళ్ళు గుంతలో పోసి నీళ్ళు కొడితే అవి బుసబుస ఉడికేవి. రెండు రోజులు మగ్గనిచ్చి, గోనెసంచిలో వడకట్టి, అడుగున మేకుతో తూటు పొడిచిన డబ్బాలో పోసుకుని గీసేవాడు. ఎప్పుడూ వెనక్కి నడుస్తూనే గీసేవాడు. ముందుకు నడిస్తే కాలు గీత మీద పడుతుందట. గీత ఆరేదాకా పక్కనే కూర్చుని కాపలా. "ముగ్గు తొక్కుతరా ఎవలన్న? గిది గూడ గంతే" అని అందరినీ అదిలించేవాడు. ఒకసారి మా పెద్దసారు మాటల్లో పడి ఆరని గీత మీదుగా పోతే, చాచా చెంబుతో వెంటబడి ఆయన చెప్పుల అడుగులు కడిగించాడు. ఆ సున్నం ఇంకో చోట అంటుకుంటే అది కూడా గీత అనుకుంటారని ఆయన భయం. మేం స్టాఫ్‌రూములో ఆ పూటంతా నవ్వుకున్నాం.

కొలత సంగతి నాది. బడికి ఒక గుడ్డటేపు ఉండేది, దాని మొదటి అడుగు ఎప్పుడో చినిగిపోయింది. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు బాపు, చీరలు కోసిన తర్వాత మగ్గం మీద మిగిలే నూలు కొసలన్నీ పోగుచేసి, పేని, తాడు చేసి ఇచ్చాడు. చిటికెనవేలు లావు కూడా ఉండదు, ఇద్దరు చెరో పక్క గుంజినా తెగదు. దానికి నేను కొలతల ప్రకారం ముడులు వేసుకున్నాను. ఒక ముడి కబడ్డీకి, ఒకటి ఖోఖోకు, ఒకటి డిస్కస్ విసిరే గిరికి, అంటే గుండ్రటి గీతకు. నేలలో గూటం పాతి, తాడు కొస దానికి తగిలించి, ముడి దగ్గర డబ్బా పట్టుకుని చాచా ఒక చుట్టు తిరిగితే గిరి తయారు. ఆ గిరి దగ్గర నుంచి రెండు గీతలు విచ్చుకుంటూ దూరంగా పోతాయి, విసిరింది వాటి నడుమనే పడాలి. ఆ గీతలు చూసినప్పుడల్లా నాకు చీర నూలుకు అమ్మ పోసే ఆసు గుర్తొచ్చేది. ఒక పక్క ఒకటే మేకు, ఎదురుగా చంద్రవంకలాగా వరుస మేకులు, నూలు పట్టుకున్న అమ్మ చెయ్యి వాటి నడుమ పొద్దంతా అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది. మగ్గం నుంచి తప్పించుకున్నాననుకున్నాను గానీ నూలు నన్ను వదల్లేదు.

తాడు చేతికిస్తూ బాపు ఒకటే చెప్పాడు. "నీళ్ళు తగలనియ్యకు. నూలు నీళ్ళు తాగితే దగ్గరికి గుంజుకుంటది. కొలత పోతది."

"నాకు తెల్వదా బాపూ? నేను గీ ఇంట్లనే పుట్టిన గదా" అన్నాను.

ఆ తాడు గురించి పక్క బడుల డ్రిల్లు సార్ల ముందు నేను కొట్టిన గొప్పలు అన్నీ ఇన్నీ కావు. టేపు తప్పుతుంది గానీ మగ్గం ఇంటి తాడు తప్పదనేవాణ్ణి. వాళ్ళు నవ్వేవాళ్ళు, కానీ వాళ్ళ బడిలో ఆటలు పెట్టుకున్నప్పుడు ఆ తాడు కోసం నాకే కబురు పంపేవాళ్ళు.

ఇక ఆ పిల్ల గురించి చెప్పాలి. చాచా మనవరాలు, అప్పుడు పదో తరగతి. తల్లీతండ్రీ పని కోసం పట్నం పోయి, ఏడాదికి రెండుసార్లు వచ్చి చూసి పోయేవాళ్ళు. పిల్ల తాత దగ్గరే పెరిగింది, ఆయన్ని దాదా అని పిలిచేది. వాళ్ళకు ఊరవతల రెండెకరాల యాసంగి జొన్న ఉండేది. బడికి ముందొక జాము, బడి తర్వాతొక జాము ఆ పిల్ల వడిసెలతో పిట్టలను తోలేది. ఒక సాయంత్రం నేను సైకిలు మీద పోతూ చూశాను. గట్టు మీద నిలబడి, వడిసెలలో రాయి పెట్టి, తల చుట్టూ రెండు చుట్లు తిప్పి, తుంటి దగ్గర నుంచి మనిషి మొత్తం తిరిగి వదిలింది. ఆ రాయి వాళ్ళ చేను దాటి, పక్క చేను దాటి, ఎక్కడ పడిందో నాకు కనిపించలేదు. నేను సైకిలు దిగి అట్లాగే నిలబడిపోయాను.

మర్నాడు సామాన్ల గదిలో మూలన పడి ఉన్న కర్ర డిస్కస్‌ను బయటికి తీసి, ఇనుప అంచుకు పట్టిన తుప్పు రుద్ది ఆమె చేతిలో పెట్టాను.

"గీ సిబ్బిని ఇసురుడేంది సార్?" అంది.

అన్నం వార్చే సిబ్బిలాగే ఉంటుంది మరి. ఆ రోజు నుంచి మా బడిలో దానికి సిబ్బి అనే పేరే ఖాయమైపోయింది. నేను కూడా సిబ్బి అనే అనేవాణ్ణి.

విసరడం ఆమెకు నేను నేర్పాల్సిన పని లేకపోయింది. ఆగడం నేర్పాల్సి వచ్చింది. గిరిలో ఒకటిన్నర చుట్టు తిరిగి, సిబ్బి వదిలి, గీతను తాకకుండా ఆగాలి. కాలు గీతకు తగిలితే సిబ్బి పక్క ఊళ్ళో పడ్డా లెక్కలోకి రాదు, ఎర్రజెండాయే. మొదటి వారం ఆ పిల్ల విసిరిన ప్రతిసారీ తన ఊపుకు తానే గిరి దాటి నాలుగడుగులు పోయి, వెనక్కి తిరిగి నాలుక కరచుకునేది. మూడు నెలలు పట్టింది. రోజూ సాయంత్రం నేను ఈల వేయడం, ఆమె తిరగడం, వదలడం, ఆగడం. నేను తిట్టడం కూడా అందులో భాగమే. చివరికి ఎట్లా కుదిరిందంటే, కళ్ళు మూసుకుని తిరిగినా కుడికాలి బొటనవేలు గీతకు గోరంత ఇవతల ఆగేది. ఆ గోరంత తప్ప గిరిలో జాగా మిగిల్చేది కాదు. తక్కిన బడుల పిల్లలు గిరి నడుమ నిలబడి చేతి బలంతో విసిరేవాళ్ళు. ఈ పిల్ల గిరి మొత్తం వాడుకునేది.

చాచా దీని మీద పెట్టుకున్న ఆశ పైకి చెప్పేవాడు కాదు. మండలం ఆటల్లో మొదట వచ్చిన ఒక్కరే జిల్లాకు పోతారు. జిల్లాలో బాగా విసిరితే పట్నంలో ఆటల హాస్టల్లో జాగా దొరుకుతుంది. తిండీ చదువూ అక్కడే. మా ఊళ్ళో బడి పదితోనే ఆఖరు, హాస్టలు దొరక్కపోతే ఆ పిల్ల చదువు కూడా పదితోనే ఆఖరు. ఇంకో ఏడాది చూద్దామనడానికి లేదు. ఒకరోజు సున్నం వడకడుతూ, తలెత్తకుండానే అడిగాడు. "సారూ, దీనికి సిబ్బి అన్నం పెడ్తదంటరా?"

"పెడ్తది చాచా. ఫికర్ చెయ్యకు" అన్నాను.

ఆ ఏడు మండలం ఆటలు మా బడికే వచ్చాయి. ముందు రోజంతా నేనూ చాచా గ్రౌండు మీదే ఉన్నాం. పరుగు గీతలు, ఖోఖో, రెండు కబడ్డీ కోర్టులు అయిపోయాయి. డిస్కస్ గిరి ఒక్కటి పొద్దున గీద్దామన్నాడు చాచా, రాత్రి కుక్కలు పొర్లుతాయని. నేను అలసిపోయి, తాడును చుట్ట చుట్టి, సున్నం వడకట్టిన గోనె మీద పడేసి వెళ్ళిపోయాను. నేను చేసింది ఇదీ. గోడకు మేకు ఉంది, అక్కడికి పది అడుగులు లేవు. పొద్దున్నే వచ్చి చూస్తే కింద తడి గోనె, పైన మంచు, తాడు పిండితే నీళ్ళు కారేటట్టు ఉంది.

"సారూ, తాడు తడిసింది. జర ఎండనియ్యుండ్రి. ఎండ పొడవంగనే గీస్త" అన్నాడు చాచా.

అప్పటికే పక్క ఊళ్ళ పిల్లలు ట్రాక్టర్లలో దిగుతున్నారు. మైకు గురగురమంటోంది తప్ప మాట రావడం లేదు. పెద్దసారు కుర్చీలేవని రెండుసార్లు అడిగాడు, మూడోసారి అడగడానికి వస్తున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"తాడు తడిస్తే ఏమైతది చాచా? గిరి గుండ్రంగ రాదా? గీయి, జల్ది!"

ఆయన నా ముఖం వైపు ఒకసారి చూశాడు. గూటం పాతి, వెనక్కి నడుస్తూ గీశాడు. గిరి చక్కగా, గుండ్రంగా వచ్చింది. తర్వాత ఆ తాడును తీసుకుపోయి వరండా దూలానికి వేలాడదీసి, ఆరేటప్పుడు ముడుచుకోకుండా కింద రాయి కట్టాడు.

ఆడపిల్లల డిస్కస్ పదకొండు గంటల ప్రాంతంలో మొదలైంది. ఆటలు ఏ బడిలో పెడితే ఆ బడి సారే గిరి దగ్గర నిలబడడం అప్పటి రివాజు. కాబట్టి రెండు జెండాలూ నా చేతిలోనే ఉన్నాయి, తప్పుకు ఎర్రది, సరైన విసురుకు తెల్లది. దూరం కొలవడానికి పక్క ఊరి బడి నుంచి వచ్చిన డ్రిల్లు సారు కొత్త టేపుతో నిలబడ్డాడు. వయసులో నాకంటే చాలా పెద్దాయన, అందరం ఆయన్ని పెద్దన్న అనేవాళ్ళం. పడిన సిబ్బిని ఏరి తెచ్చే పని చాచాది.

ఒక్కొక్కరికి మూడు విసుర్లు. పెద్దన్న బడి పిల్ల ఒకతె, గట్టి పిల్ల, గిరి నడుమ నిలబడి చేత్తోనే విసిరి అందరికంటే ముందుంది. తర్వాత మా పిల్ల వచ్చింది. చున్నీ నడుముకు బిగించుకుని, వట్టి కాళ్ళతో. తిరిగింది, వదిలింది, ఆగింది. సిబ్బి అందరి గుర్తులూ దాటి తంగేడు పొద మొదట్లో దిగబడింది. మా బడి పిల్లలు ఎగిరి గంతేశారు. నేను కాలు చూశాను. బొటనవేలు గీత మీద ఉంది. అనుమానానికి సందు లేదు, వేలికి సున్నం అంటుకుని తెల్లగా కనబడుతోంది.

ఎర్రజెండా లేపాను.

రెండోసారి కూడా అంతే. అదే తిరగడం, అదే తంగేడు పొద, అదే వేలు, అదే గీత. మళ్ళీ ఎర్రజెండా లేపాను. నాకు ఒళ్ళు మండిపోయింది. మూడు నెలల సాయంత్రాలు కళ్ళ ముందు మట్టిలో పోసినట్టయింది.

"మూడు నెలల సంది నేర్పింది గిదేనా? కండ్లు ఏడ పెట్టుకున్నవ్?" అని అందరి ముందూ అరిచాను.

"సార్, రోజు ఆగే కాడనే ఆగిన సార్" అంది.

"అయితే గీత జరిగిందా? ఆడరాక మద్దెల ఓడన్నట్టు గీతను అంటున్నవా? గీ గీత గీసింది నీ తాతనే గదా, పోయి ఆయననే అడుగు!"

ఆ చివరి మాట ఎందుకన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. కోపానికి దారి దొరికితే చాలు, ఎవరి ఇంట్లో నుంచి పోతోందో చూసుకోదు. ఆ పిల్ల తల దించుకుంది. దూరంగా సిబ్బి పట్టుకుని నిలబడ్డ చాచా కూడా తల దించుకున్నాడు. మూడోసారి ఆ పిల్ల తిరగనే లేదు. గిరి నడుమ నిలబడి, అందరిలాగే చేత్తో విసిరింది. అలవాటు లేని విసురు, ఐదో స్థానమో ఆరో స్థానమో వచ్చింది. నడుముకు కట్టిన చున్నీ విప్పి తల మీద కప్పుకుని చేను వైపు వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం తిండ్లయ్యాక మగపిల్లల వంతు. అప్పటికి గిరి అక్కడక్కడ చెరిగింది. మళ్ళీ గీయించాలని వరండాలో నుంచి తాడు తెచ్చాను. ఎండకు కరకర ఆరిపోయి ఉంది. పాత బొక్కలోనే గూటం దిగగొట్టి, కొస తగిలించి, ముడి పట్టుకుని లాగాను. ముడి గీత మీద పడలేదు. గీత దాటి అవతల పడింది. గూటం వంగిందేమోనని చూశాను, నిటారుగానే ఉంది. అటు పక్కకు పోయి లాగాను, ఇటు పక్కకు వచ్చి లాగాను. చుట్టూ ఒకటే లెక్క. చెయ్యి అడ్డం పెట్టి చూశాను. నాలుగు వేళ్ళు.

పిల్ల కాలు తప్పలేదు. నా గిరి తప్పింది. మూడు నెలలు నేను అలవాటు చేసిన చోటనే ఆమె ఆగింది. నేనే గీతను ఆమె కాలి కిందికి జరిపి, గీత తొక్కావని తిట్టాను. గిరి నడుమ నిలబడి విసిరిన పిల్లలకు ఏ నష్టమూ లేదు. గిరిని పూర్తిగా నమ్ముకున్న పిల్లకే దెబ్బ తగిలింది. బాపు చెప్పాడు, చాచా చెప్పాడు, అసలు మగ్గం ఇంట్లో పుట్టినవాడికి ఎవరూ చెప్పకుండానే తెలియాలి.

నిజం చెప్పాలి కదా. నేను వెంటనే ఈల వేసి అందరినీ పిలవలేదు. దొంగకు తేలు కుట్టినట్టు చప్పుడు చేయకుండా నిలబడి, ఎవరైనా చూశారా అని చుట్టూ చూశాను. ఎవరూ చూడలేదు. పాత గీతను కాలితో చెరిపి కొత్తది గీస్తే అయిపోతుంది. చెబితే ఏమంటారో నాకు తెలుసు. తన అటెండరు మనవరాలు ఓడిపోయింది కాబట్టి తాడు పొట్టిదయిందట అంటారు. మగ్గం ఇంటి తాడు కథ మండలమంతా చెప్పుకుని నవ్వుతారు. చెరపడానికి కాలు ఎత్తాను కూడా.

"చెరపకుండ్రి సారూ."

చాచా. సున్నం డబ్బా పట్టుకుని వెనకే నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో. ముడి వైపూ గీత వైపూ చూశాడు. ఆయనకు నేను చెప్పాల్సింది ఏమీ లేకపోయింది.

"దాని అవతల కొత్తది గీస్త. రెండూ ఉండనియ్యుండ్రి, చూసేటోళ్ళు చూస్తరు. గీత గీసినోళ్ళమే గీతను దాస్తే ఇగ ఎవలు నమ్ముతరు?"

ఆయన గొంతులో కోపం లేదు. అదే నన్ను చంపింది. తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలని తప్పించుకునేవాణ్ణి. ఆయన వెనక్కి నడుస్తూ రెండో గిరి గీశాడు. నేను ఈల వేశాను.

సార్లందరూ వచ్చారు. ఉన్నదున్నట్టు చెప్పాను. పెద్దన్న విని నవ్వాడు.

"ఆడరాక మద్దెల ఓడంటే గిదే తమ్మీ. మీ పిల్ల ఓడినంక తాడు పొట్టిగైందా?"

పొద్దున నేను ఆ పిల్లను అన్న మాటే. తిరిగొచ్చి నా చెంప మీద పడింది. నేను నోరు తెరిచేలోపు చాచా బకెట్టుతో నీళ్ళు తెచ్చి నడుమ పెట్టాడు. "ముందుగాల కొలువుండ్రి సారూ" అన్నాడు. పెద్దన్న తన కొత్త టేపుతో తాడును ముడి దాకా కొలిచాడు. సరిగ్గా ఉంది. చాచా తాడును నీళ్ళలో ముంచి, పిసికి, నానబెట్టి, అందరూ విసుక్కునేదాకా ఆగి, పిండి ఇచ్చాడు. గూటానికి తగిలించి పెద్దన్నే స్వయంగా లాగాడు. ముడి లోపలి గీత మీదికి వచ్చి కూర్చుంది. ఎవరూ నవ్వలేదు.

"తడి తాడుతోని గీయమన్నది నేనే. చాచా వద్దన్నడు. తప్పు నాది" అన్నాను. అంతమంది ముందు ఆ మాట అనడం నా జన్మలో అదే మొదలు.

"మంచిగనే ఉన్నది. గెలిచిన మా పిల్ల సంగతేంది మరి?" అన్నాడు పెద్దన్న. అదీ న్యాయమే. ఆ పిల్లను పిలిపించారు. జామకాయ తింటూ వచ్చి, సంగతంతా విని, "ఆమె సిబ్బి నా గుర్తు దాటి పడ్డది నేను చూసిన సార్. మళ్ళ ఇసురుదాం" అంది. అంత తేలిగ్గా, జామకాయ ఇంకో చేతిలోకి మార్చుకుంటూ. అక్కడున్న పెద్దలందరి కంటే ఆ పిల్ల పెద్దదనిపించింది. సరిచేసిన గిరిలో ఆడపిల్లలందరూ మళ్ళీ మూడేసి విసరాలని తేల్చారు. పొద్దు గూకకముందే ట్రాక్టర్లు బయలుదేరాలి, కాబట్టి తొందరగా కానివ్వమన్నారు.

నేను సైకిలెక్కి చేను దారి పట్టాను.

ఆ పిల్ల మంచె మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. వడిసెల పక్కన పడి ఉంది. పిట్టలు కంకుల మీద పెళ్ళి భోజనానికి కూర్చున్నట్టు కూర్చున్నా తోలడం లేదు. "దిగు బిడ్డా" అన్నాను. దిగలేదు. మంచె కిందనే నిలబడి మొత్తం చెప్పాను, తాడు, తడి గోనె, నాలుగు వేళ్ళు. ఎప్పుడూ పిల్లలే తలెత్తి నా వైపు చూసేవాళ్ళు, ఆ రోజు నేను తలెత్తి చెప్పుకోవాల్సి వచ్చింది.

"అయితే నా కాలు తప్పు కాదా సార్?"

"కాదు. గిరి తప్పు. గిరి గీయించిన నాది తప్పు."

అప్పుడు ఏడ్చింది. పొద్దున అంత తిట్టినా ఏడవని పిల్ల. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. దాచుకోవడానికి అక్కడ పిట్టలు తప్ప ఎవరున్నారు.

"దాదాను ఎందుకన్నరు సార్ గట్ల?" అంది దిగుతూ.

ఆమెను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఒళ్ళు దాచుకోకుండా తొక్కాను.

మేం చేరేసరికి తక్కిన పిల్లల విసుర్లు అయిపోయాయి. ఆ జామకాయ పిల్ల పొద్దుటి కంటే ఇంకా దూరం విసిరి కూర్చుంది. నేల మీద రెండు తెల్లగీతలూ ఉన్నాయి, ఒకదానిలో ఒకటి. మా పిల్ల గిరిలోకి దిగింది. తిరిగింది, వదిలింది, ఆగింది. తెల్లజెండా లేపాను గానీ సిబ్బి పొద దాకా పోలేదు. కాలు చూశాను. లోపలి గీత దగ్గరే ఆగిపోయింది. రెండోసారి కూడా లోపలి గీత దగ్గరే, అవతలి గీతకు నాలుగు వేళ్ళు ఇవతల. ఆ ఆపుకోవడంలో ఊపంతా పోయి సిబ్బి ఇంకా దగ్గర పడింది.

"అది లెక్కల లేదు బిడ్డా. అవతలిదే అసలు గీత" అన్నాను. తలూపింది. తలకు తెలిసింది, కాలికి తెలియలేదు. నాకప్పుడు అర్థమైంది. గీతను సరిచేశాం గానీ, నేను అరిచిన అరుపు ఆ పిల్ల కాలిలోనే ఉండిపోయింది.

ఒక్క విసురు మిగిలింది. చాచా సిబ్బి తెచ్చాడు. మనవరాలికి ఇవ్వకుండా నా చేతిలో పెట్టాడు. భుజం మీది రుమాలు తీసి బకెట్టులో తడిపి, గిరిలో మోకాళ్ళ మీద వంగి, లోపలి గీతను తుడవడం మొదలుపెట్టాడు. తాను గీసిన గీత మీద కాకిని కూడా వాలనివ్వని మనిషి. రుమాలుతో రుద్దాడు, పిడికెడు మొరం తెచ్చి కప్పాడు, అరచేత్తో నిమిరాడు. నేనూ సిబ్బి పక్కన పెట్టి ఇటు పక్క నుంచి తుడిచాను. పెద్దన్న గడియారం చూసుకున్నాడు. చెప్పులు విడిచి దగ్గరికి వచ్చి, "గీడ ఇంకా తెల్లగ కనబడ్తాంది" అని తానే కాలితో మొరం జరిపాడు.

చాచా లేచి రుమాలు దులిపాడు. "ఇగ ఒకటే గీత బిడ్డా. నువ్వు రోజు ఆగేదే."

పిల్ల సిబ్బి తీసుకుని ఒక్క క్షణం నేల వైపు చూసింది. తిరిగింది. వదిలింది. ఆగింది.

పిల్లల కేకలు వినబడ్డాయి. సిబ్బి ఎక్కడ పడిందో చాచా చూడలేదు, నేనూ చూడలేదు. ఇద్దరం వంగి ఆమె కాలు చూస్తున్నాం. బొటనవేలికీ గీతకూ నడుమ గోరంత ఎర్ర మొరం.

ఆ పిల్ల జిల్లాకు పోయింది. హాస్టల్లో జాగా కూడా దొరికింది, చాచా పెట్టె నెత్తిన పెట్టుకుని బస్సెక్కించి వచ్చాడు. అవన్నీ తర్వాతి సంగతులు. నాకు మాత్రం ఆ గిరి దగ్గర నేను తల ఎత్తిన క్షణమే గుర్తుంది. అందరూ తంగేడు పొద వైపు ఉరుకుతున్నారు. విసిరిన పిల్ల అటు చూడడం లేదు. నా చేతి వైపు చూస్తోంది.

ఎర్రజెండాను కింద పడేసి, తెల్లది ఎత్తాను. పొద దగ్గర నుంచి పెద్దన్న టేపు చూసి, "మా పిల్ల కంటె జానెడు ఎక్కువ!" అని అరిచాడు. అప్పటికీ దించలేదు. అట్లాగే ఎత్తి పట్టుకుని నిలబడ్డాను.

"దించుండ్రి సారూ" అన్నాడు చాచా. "చూసింది."